వికేంద్రీకృత పునరుత్పాదక విద్యుత్ అంచనాలు – ‘బంజరు’ భావన: రాయలసీమ నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

సారాంశం:

ఒక ప్రాంతంలో ఎండ, గాలి, జీవద్రవ్యం ద్వారా ఎంత విద్యుత్తు ఉత్పత్తి చేయవచ్చో చెప్పే అంచనాలు విధానపత్రాలకు ఆధారమవుతున్నాయి. ఈ అంచనాల్లోని సంఖ్యలు ప్రకృతి నుంచి నేరుగా వచ్చినవి కావు. అవి కొన్ని మాటల మీద, కొన్ని ఊహల మీద నిలిచినవి. వాటిలో ముఖ్యమైన మాట ‘బంజరు’. రెవెన్యూ పరిభాషలో పుట్టిన ఈ మాట ఉపగ్రహ పటాల్లోకి, అక్కడి నుంచి సౌరశక్తి లెక్కల్లోకి ప్రవేశించిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రాయలసీమను నేపథ్యంగా తీసుకొని, ఇప్పుడున్న అంచనా పద్ధతి భారీ సౌరపార్కుల సామర్థ్యాన్ని కొలుస్తున్నదే తప్ప వికేంద్రీకృత ఉత్పత్తి సామర్థ్యాన్ని కొలవడం లేదని నిరూపించడం, ప్రత్యామ్నాయ అంచనాకు ఉండవలసిన లక్షణాలను సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పునరుత్పాదక విద్యుత్తు, వికేంద్రీకరణ, బంజరు, పోరంబోకు, రాయలసీమ, సౌరపార్కు, సబ్‌స్టేషన్, పరిభాష.

1. ఉపోద్ఘాతం:

శాస్త్ర సాంకేతిక పత్రాలను భాషాదృష్టితో చదవడం తెలుగు పరిశోధనలో అరుదుగానే జరిగింది. ఆ పత్రాలు సంఖ్యలతో నిండి ఉంటాయి కనుక అవి సాహిత్య విద్యార్థి పరిధిలోకి రావన్న అభిప్రాయం ఇందుకు కారణం. కానీ ప్రతి సంఖ్య వెనుక ఒక నిర్వచనం ఉంటుంది. నిర్వచనం మాటలతో ఏర్పడుతుంది. ఆ మాటకు చరిత్ర ఉంటుంది. ఆ చరిత్రను విడమరచడం భాషాసాహిత్య విమర్శకు చెందిన పనే.

సౌరశక్తి విషయంలో ఈ పరిశీలన అవసరం మరింత ఎక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతాల్లో ఒక చదరపు మీటరు నేల మీద రోజుకు సగటున 5 యూనిట్లకు పైగా సౌరశక్తి పడుతుంది. ఇది కొలిచి చెప్పగలిగిన విషయం. అయితే “ఈ జిల్లాకు ఇన్ని వేల మెగావాట్ల సామర్థ్యం ఉంది” అన్న వాక్యం ఆ కోవకు చెందినది కాదు. ఏ నేల మీద, ఎవరి కోసం, ఏ తీగ ద్వారా అన్న ప్రశ్నలకు ముందుగా సమాధానం అనుకున్న తరువాతే ఆ వాక్యం సాధ్యమవుతుంది. ఆ సమాధానాలు పత్రాల్లో బయటకు కనిపించవు.

2. ‘సామర్థ్యం’ – ఒక మాట, పలు అర్థాలు:

అంచనా పత్రాల్లో ‘సామర్థ్యం’ అన్న మాట కనీసం నాలుగు అర్థాల్లో వాడుకలో ఉంది. ఒక ప్రాంతంలో పడే మొత్తం ఎండ, వీచే మొత్తం గాలి సిద్ధాంత సామర్థ్యం. నేటి యంత్రాలతో అందులో రాబట్టగలిగినది సాంకేతిక సామర్థ్యం. పెట్టిన డబ్బు తిరిగి వచ్చే మేరకు ఉన్నది ఆర్థిక సామర్థ్యం. ప్రజలు అంగీకరించి, స్థోమత ఉండి, నిజంగా అమర్చుకోగలిగినది ఆచరణ సామర్థ్యం. ఈ నాలుగింటి మధ్య అంతరం చిన్నది కాదు.

ఇంధన, పర్యావరణ, జల మండలి 2023లో ప్రకటించిన ఇంటిపైకప్పు సౌరశక్తి అధ్యయనం ఈ అంతరాన్ని స్పష్టంగా చూపింది. దేశంలోని 25 కోట్లకు పైగా ఇళ్ల పైకప్పులను లెక్కిస్తే 637 గిగావాట్ల సామర్థ్యం కనిపించింది. ఆ ఇళ్లు వాడుకునే విద్యుత్తును పరిగణనలోకి తీసుకోగానే అది 118 గిగావాట్లకు దిగింది. పెట్టుబడి సహేతుకమైన కాలంలో తిరిగి రావాలని, కుటుంబానికి ఆసక్తి ఉండాలని చూసినప్పుడు, రాయితీ లేకుంటే 11, రాయితీ ఉంటే 32 గిగావాట్ల దగ్గర ఆగింది. ఒకే దేశం, ఒకే ఎండ, అవే ఇళ్లు. 637 నుంచి 11 వరకు సంఖ్య మారినది ప్రశ్న మారినందువల్లనే.

గాలి విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. జాతీయ పవనశక్తి సంస్థ అంచనాల ప్రకారం దేశ పవనవిద్యుత్ సామర్థ్యం 80 మీటర్ల ఎత్తులో సుమారు 102 గిగావాట్లు, 100 మీటర్ల ఎత్తులో 302 గిగావాట్లు, 120 మీటర్ల ఎత్తులో 695 గిగావాట్లు. ఆంధ్రప్రదేశ్ విషయంలో 100 మీటర్ల వద్ద సుమారు 44 గిగావాట్లుగా ఉన్న సంఖ్య 120 మీటర్లకు వెళ్లేసరికి సుమారు 75 గిగావాట్లయింది. 1990లలో అనంతపురం జిల్లా రామగిరి గుట్టల మీద తొలితరం గాలిమరలు నిలిచిన నాటికీ నేటికీ అక్కడి గాలి పెరగలేదు. పెరిగినది మర ఎత్తు, రెక్క పొడవు, లెక్కించే పద్ధతి. కాబట్టి ‘సామర్థ్యం’ ఒక ప్రాంతానికి ప్రకృతి ఇచ్చిన స్థిరమైన ఆస్తి కాదు. ప్రాంతానికీ, యంత్రానికీ, ప్రశ్న అడిగేవారికీ మధ్య ఏర్పడే సంబంధం అది. ఈ సంగతిని మరచి సంఖ్యను మాత్రమే ఉటంకించడం నేటి చర్చల్లోని మొదటి దోషం.

3. మూడు శాతం లెక్క:

సౌరశక్తి విషయంలో ఎక్కువగా ఉటంకింపబడే సంఖ్య 748 గిగావాట్లు. జాతీయ సౌరశక్తి సంస్థ రూపొందించిన ఈ అంచనాలో ఆంధ్రప్రదేశ్ వాటా 38.44 గిగావాట్లు, తెలంగాణ వాటా 20.41 గిగావాట్లు. ఈ లెక్కకు మూలాధారం ఒకే ఒక ఊహ: రాష్ట్రంలోని బంజరు భూమిలో 3 శాతం సౌరఫలకాలతో కప్పవచ్చు.

ఆ ఊహను నిదానంగా చదివితే రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, 3 అన్న అంకె ఆకాశం నుంచి గాని నేల నుంచి గాని వచ్చినది కాదు. అది 6 అయితే సామర్థ్యం రెట్టింపవుతుంది, ఒకటి అయితే మూడో వంతుకు పడిపోతుంది. రెండవది, ఈ లెక్కలో ఒక రాష్ట్రపు సౌరసంపద ఆ రాష్ట్రంలో ఎంత నేలను ‘బంజరు’ అని పిలిచారన్న దాని మీద ఆధారపడింది. ఎండలో పెద్ద తేడా లేని రెండు రాష్ట్రాల్లో బంజరు జాబితా పొడవైన రాష్ట్రం సౌరసంపన్నం అవుతుంది. బోర్ల మీద ఆధారపడిన వ్యవసాయం ఎంత, పగటిపూట విద్యుత్ అవసరం ఎంత అన్న విషయాలకు ఇందులో చోటు లేదు.

ఒక స్థూల జాతీయ అంచనాకు ఇంతకన్నా సూక్ష్మమైన పద్ధతి అవసరం లేదని వాదించవచ్చు. దేశం మొత్తానికి ఒక దిశ చూపడం వరకే అయితే ఆ వాదనలో న్యాయం ఉంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, స్థూల అంచనా కోసం చేసుకున్న ఊహే తరువాత భూమి ఎంపికకు సూత్రంగా మారుతుంది. పటంలో ‘బంజరు’ అని రంగు వేసిన చోటు, కొంతకాలానికి ప్రాజెక్టు పత్రంలో ‘ఎవరికీ నష్టం లేని భూమి’ అవుతుంది. ఈ అర్థపరిణామమే ఇక్కడ విమర్శకు లక్ష్యం.

4. ‘బంజరు’ పదం – రెవెన్యూ వారసత్వం:

తెలుగులో సాగు కాని నేలకు ఒకటే పేరు లేదు. బీడు, బంజరు, పోరంబోకు, తిప్ప, గుట్ట, వంక, మేతభూమి, తెలంగాణలో గైరాన్, బంచరాయి, చెరువు శిఖం వంటి మాటలు ప్రతి ఒక్కటీ ఒక ప్రత్యేక స్థితిని చెబుతాయి. ‘బీడు’ అన్న మాటలో నేల చచ్చిపోయిందన్న అర్థం లేదు. నేడు సాగులో లేదు, వాన పడితే, చేతిలో డబ్బు ఆడితే మళ్లీ దున్నవచ్చు అన్న సూచన ఉంది. అంతవరకు అది పశువులకు మేత. ‘గైరాన్’, ‘బంచరాయి’ అన్న మాటల్లో ఊరి పశువులకు ఉన్న హక్కు పేరులోనే నిక్షిప్తమై ఉంది. ‘శిఖం’ అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు, తీసినప్పుడు సాగు. అది కాలాన్ని బట్టి మారే నేల.

‘బంజరు’, ‘పోరంబోకు’ ఇందుకు భిన్నమైనవి. బంజరు హిందుస్తానీ నుంచి, పోరంబోకు తమిళం నుంచి తెలుగులోకి వచ్చాయి. ఈ రెండూ నేల స్వభావం కన్నా దఫ్తరుతో దానికున్న సంబంధాన్ని ఎక్కువగా చెబుతాయి. పోరంబోకు అన్న మాటకు మూలార్థమే ‘బయట ఉన్నది’ అని. అంటే శిస్తు లెక్కకు బయట ఉన్నది. 1800లో నిజాం నుంచి దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో హయాంలో పొలం పొలాన్నీ కొలిచి శిస్తు కట్టే పని సాగింది. ఆ దృష్టిలో శిస్తు వచ్చేది భూమి, రానిది వృథా. గొర్రెలు మేసినా, కట్టెపుల్లలు ఏరుకున్నా, బోదగడ్డి కోసి ఇల్లు కప్పుకున్నా ఆ ఉపయోగం ఖజానాకు కనబడదు.

ఈ వర్గీకరణ స్వాతంత్ర్యానంతరం కూడా కొనసాగింది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం రూపొందించిన బంజరు భూముల పటసంపుటిలో 23 వర్గాలున్నాయి. పొదలున్న నేల, క్షీణించిన మేతభూమి, రాతినేల, ఇసుకమేటలు, గండ్లు పడ్డ నేల వంటివి వాటిలో కొన్ని. ఉపగ్రహచిత్రం పచ్చదనాన్ని, తేమను, మట్టిరంగును చూడగలదు. ఆ పొదల మధ్య ఏ ఊరి మంద ఏ నెలలో తిరుగుతుందో చూడలేదు. సంపుటి రూపకర్తల ఉద్దేశం ఈ నేలలను తిరిగి బాగుచేయడానికి ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించడం. ‘బాగుచేయవలసిన నేల’ అని గుర్తించిన పటమే ‘వాడుకోదగిన ఖాళీ నేల’ను చూపే పటంగా మారింది.

‘క్షీణించిన మేతభూమి’ అన్న వర్గం పేరే ఒక వైరుధ్యాన్ని బయటపెడుతుంది. అది మేతభూమి అని ఒప్పుకుంటూనే బంజరు జాబితాలో చేర్చడం జరిగింది. రాయలసీమ కాపరి జీవితంలో మేత ఎంత కీలకమో తెలుసుకోవడానికి సన్నపురెడ్డి వెంకట రామిరెడ్డి ‘కొండపొలం’ నవల మంచి ఆకరం. కరువులో ఊరి చుట్టూ మేత, నీరు కరువైనప్పుడు గొర్రెలను నల్లమల అడవిలోకి తోలుకుపోవలసి రావడం ఈ నవల ఇతివృత్తం. నవల సర్వేకు ప్రత్యామ్నాయం కాదు. కానీ సర్వేలో ఏ గడి లేదో అది చూపగలదు. ఊరికి దగ్గరలో మేత తరిగితే ఆ భారం ఎంత దూరం నడిచి, ఎవరు మోస్తారో బంజరు పటం చెప్పదు.

మనుషులే కాదు, ఇతర ప్రాణులూ ఈ మాట కింద మరుగునపడ్డాయి. పూర్వపు కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యం 1988లో ఏర్పడింది. బట్టమేక పిట్టకు ఆశ్రయమైన గడ్డిమైదానాన్ని కాపాడటం దాని ప్రధాన ఉద్దేశం. చెట్లు లేనంత మాత్రాన నేల వృథా కాదన్నదానికి ప్రభుత్వమే ఇచ్చిన అంగీకారపత్రంగా రోళ్లపాడును చూడవచ్చు. అదే తరహా గడ్డినేల అభయారణ్యం హద్దు దాటగానే మళ్లీ బంజరు అయిపోతుంది.

5. గని – శకునాల: పార్కు ఏమి చెబుతున్నది?

కర్నూలు సౌరపార్కు ఈ చర్చకు తగిన ఉదాహరణ. గని, శకునాల గ్రామాల పరిధిలో దాదాపు 5,900 ఎకరాల్లో విస్తరించి, 2017లో 1,000 మెగావాట్ల స్థాయిని అందుకున్న ఈ పార్కు ఆనాటికి ప్రపంచంలోని అతిపెద్ద సౌరపార్కుల్లో ఒకటి. మెగావాటుకు సుమారు 6 ఎకరాలు. పూర్వపు అనంతపురం జిల్లా నంబులపూలకుంట, కడప జిల్లా పార్కులు ఇదే నమూనాలో రూపొందాయి.

ఈ నమూనా బలాన్ని తక్కువ చేసి చూపడం న్యాయం కాదు. 2015 నవంబరులో గని పార్కుకు సంబంధించిన వేలంలో యూనిట్ ధర 4.63 రూపాయలకు దిగినప్పుడు దేశం ఆశ్చర్యపోయింది. 2017 ఏప్రిల్‌లో కడప పార్కు వేలంలో అది 3.15 రూపాయలకు చేరింది. నేల, రోడ్డు, ప్రసార తీగలు ఒకేచోట సిద్ధం చేసి ఇవ్వడం వల్ల పెట్టుబడిదారుకు జాప్యం తగ్గింది, వడ్డీభారం తగ్గింది. బొగ్గు విద్యుత్తుతో సౌరవిద్యుత్తు పోటీపడగలదన్న నమ్మకం ఏర్పడటంలో ఈ పార్కుల పాత్ర పెద్దది. రాయలసీమ ఎండకు ధర కట్టినవి ఈ వేలాలే.

అయితే ఆ ధరలో ఏది చేరింది, ఏది చేరలేదు అన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. పట్టా ఉన్న రైతుకు పరిహారం ధరలో చేరుతుంది. అసైన్డ్ భూమి విషయం వేరు. 1977 నాటి చట్టం అసైన్డ్ భూమి బదిలీని నిషేధించింది. పేదల చేతి నుంచి నేల జారిపోకుండా చూడటం దాని ఉద్దేశం. ప్రజాప్రయోజనం పేరుతో ప్రభుత్వమే తిరిగి తీసుకునేటప్పుడు ఆ పేదకు తన నేలకు ధర చెప్పే అవకాశం తక్కువ. పట్టా లేకుండా తరతరాలుగా బంజరులో జొన్నో కందో వేసుకునే వ్యక్తి రికార్డులోనే లేడు. మేపుకునే కాపరి, కట్టెలు ఏరుకునే కూలీ మహిళ అంతకన్నా దూరం. వీరు కోల్పోయినది ఎవరి ఖాతాలోనూ ఖర్చుగా నమోదు కాదు. చౌక విద్యుత్తు చౌకదనంలో కొంత భాగం ఈ నమోదు కాని నష్టం నుంచి వచ్చినదే.

మరొక విషయం. పార్కు విద్యుత్తు అధిక వోల్టేజీ తీగలెక్కి గ్రిడ్‌లో కలుస్తుంది. పక్క ఊరి బోరుకు అది చేరాలంటే మళ్లీ మెట్టు మెట్టుగా దిగి 33 కిలోవోల్టులు, 11 కిలోవోల్టుల మీదుగా రావాలి. ప్రతి మెట్టులోనూ కొంత నష్టం. కనుచూపు మేరలో ఫలకాలు మెరుస్తున్నా ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మరు మీద భారం తగ్గదు, చివరి పంపుసెట్టు దగ్గర వోల్టేజీ పెరగదు. ప్రాంతంలో ఉత్పత్తి కావడం వేరు, ప్రాంతానికి ఉత్పత్తి కావడం వేరు. బంజరు ఆధారిత అంచనా మొదటిదాన్ని కొలిచి రెండవది కూడా కొలిచినట్లు భావిస్తున్నది.

6. ‘వికేంద్రీకృతం’ – అనువాదంలో కలిసిపోయిన రెండు భావనలు:

ఆంగ్లంలో డిస్ట్రిబ్యూటెడ్, డీసెంట్రలైజ్డ్ అన్న రెండు వేరు మాటలున్నాయి. మొదటిది ఉత్పత్తి స్థానాలు చెల్లాచెదురుగా ఉండటాన్ని, రెండవది నిర్ణయాధికారం చెల్లాచెదురుగా ఉండటాన్ని చెబుతుంది. తెలుగులో రెండింటికీ సాధారణంగా ‘వికేంద్రీకృత’ అన్న మాటే వాడుతున్నారు. దీనివల్ల స్థానం మారితే అధికారం కూడా మారినట్లే అన్న భ్రమ ఏర్పడుతున్నది. పదివేల ఇళ్లపై ఫలకాలు అమర్చి, వాటి పరిమాణం, ధర, నిర్వహణ అన్నీ ఒకే కార్యాలయం నిర్ణయిస్తే అది విస్తరించిన ఉత్పత్తి మాత్రమే. ఊరు తన అవసరాన్ని తాను చెప్పుకొని, ఆదాయంలో వాటా పొందినప్పుడే అది వికేంద్రీకృత ఉత్పత్తి. అందువల్ల మొదటి భావనకు ‘విస్తృతస్థాన ఉత్పత్తి’ వంటి మాటను కేటాయించి, ‘వికేంద్రీకృత’ను రెండవ భావనకే పరిమితం చేయడం మంచిది.

ఈ భేదాన్ని మనసులో ఉంచుకొని 2019లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన పీఎం కుసుమ్ పథకాన్ని చదవవచ్చు. ఇందులోని మొదటి విభాగం 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకు చిన్న సౌరకేంద్రాలను గ్రామీణ సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు స్థాపించాలని సూచించింది. ఏ సబ్‌స్టేషన్ ఎంత విద్యుత్తును తీసుకోగలదో పంపిణీ సంస్థ ముందుగా ప్రకటించాలి. 2020లో సవరించిన నిబంధనలు 500 కిలోవాట్ల కన్నా చిన్నవాటికీ దారి తెరిచాయి. ఇక్కడ అంచనా బంజరు నుంచి కాక సబ్‌స్టేషన్ నుంచి మొదలవుతున్నది. ఇది చిన్న మార్పుగా కనిపించినా పద్ధతిలో మౌలికమైన మలుపు.

ఒక ఊహాత్మక ఉదాహరణ ద్వారా ఈ మలుపును వివరించవచ్చు. ఒక 11 కిలోవోల్టుల వ్యవసాయ ఫీడరు మీద 5 హార్స్‌పవర్ పంపుసెట్లు 300 ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి సుమారు 3.73 కిలోవాట్లు, అన్నీ కలిపి 1.1 మెగావాట్లు. ఒక్కో పంపు ఏడాదికి 1,200 గంటలు నడిస్తే మొత్తం వాడకం 13 లక్షల యూనిట్లకు కొంచెం పైన. రాయలసీమ ఎండలో ఒక మెగావాటు సౌరకేంద్రం 18 శాతం వినియోగగుణకంతో ఏడాదికి దాదాపు 15.8 లక్షల యూనిట్లు ఇస్తుంది. అంటే ఐదారు ఎకరాల కేంద్రం ఆ ఫీడరు వార్షిక అవసరాన్ని తీర్చి కొంత మిగులు కూడా చూపగలదు. ఉత్పత్తి పగటిపూటే, సాగునీటి సరఫరా కూడా పగటిపూటే కావచ్చు. రాత్రిపూట మోటారు వేయడానికి చీకట్లో పొలానికి పోయే అగత్యం తప్పుతుంది. రాత్రి కరెంటు రైతుకు అర్థమయ్యేది పాముకాటు, షాకు భాషలో. ఆ ప్రమాదం తగ్గడం ఏ మెగావాటు లెక్కలోనూ కనిపించని లాభం.

ఇక్కడ ఒక నిజాన్ని దాచకూడదు. వెయ్యి సబ్‌స్టేషన్ల దగ్గర ఒక్కో మెగావాటు పెట్టినా మొత్తం నేల పార్కుకు పట్టినంతే పడుతుంది. వికేంద్రీకరణ నేలను ఆదా చేస్తుందన్న ప్రచారం సరికాదు. తేడా ఎంత నేల అన్నదానిలో లేదు. ఐదారు ఎకరాలు ఒకరిద్దరు రైతులు తమ ఇష్టంతో కౌలుకు ఇవ్వగలిగిన పరిమాణం. ఊరిమంద దారి మార్చుకోగలిగిన పరిమాణం. 5,900 ఎకరాలు అలాంటివి కావు. అక్కడ ‘వద్దు’ అనే హక్కు వ్యక్తికి మిగలదు.

7. పూర్వానుభవాలు – ‘వ్యర్థం’ అన్న మాట మరోసారి:

అవసరం నుంచి మొదలుపెట్టే అంచనా కొత్త ఆలోచన కాదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో గ్రామీణ సాంకేతికత కోసం ‘అస్త్ర’ను ప్రారంభించిన అమూల్యకుమార్ ఎన్. రెడ్డి, ప్రజలకు కావలసినది యూనిట్లు కాదు, వెలుగు, నీరు, వంట వంటి సేవలు అని వాదించారు. కర్ణాటకలోని పుర గ్రామంలో సామూహిక బయోగ్యాస్ ప్రయోగం ఇందుకు నిదర్శనం. వంటకోసం గ్యాస్ ఇవ్వాలని మొదట అనుకున్నారు. ఊరి పేడ అందరి వంటకూ చాలలేదు. ఆ లెక్క ప్రకారం ఊరి సామర్థ్యం ‘తక్కువ’. తరువాత ఊరివారి ప్రాధాన్యం తాగునీరని తెలుసుకొని, అదే గ్యాస్‌తో ఇంజను నడిపి నీరు తోడారు, దీపాలు వెలిగించారు. పేడ ఇచ్చిన ఇళ్లకు ఎరువు తిరిగి చేరింది. పశువులు పెరగలేదు, పేడ పెరగలేదు. సరైన ప్రశ్న అడిగినప్పుడు చాలని వనరు చాలింది.

ఇందుకు విరుద్ధమైన అనుభవాలూ ఉన్నాయి. 2003లో ప్రణాళికాసంఘం కమిటీ జీవ ఇంధన నివేదిక జట్రోఫా పెంపకానికి దేశంలో 1.34 కోట్ల హెక్టార్లు అనుకూలమని చూపింది. అందులో బంజరుకు పెద్ద స్థానం ఉంది. ఆశించిన దిగుబడులు రాలేదు, ఆ ఉత్సాహం కొద్ది ఏళ్లలోనే చల్లారింది. తమిళనాడులో ఈ భూములను అధ్యయనం చేసిన జెన్నిఫర్ బాకా, బంజరు అని పిలిచిన నేలలో అప్పటికే సర్కారు తుమ్మ ఆధారంగా ఒక ఇంధన వ్యవస్థ నడుస్తున్నదని చూపారు. ఇళ్ల పొయ్యిలకూ చిన్న పరిశ్రమలకూ ఆ కట్టెలే ఆధారం. అంటే ఇంధనం కోసం ఖాళీ చేయించిన నేలే అప్పటికే ఇంధనం ఇస్తున్నది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊక, పంటకట్టెలతో నడిచే చిన్న జీవద్రవ్య కేంద్రాల అనుభవంలోనూ ఇదే పాఠం ఉంది. అంచనాలో ఊక ‘వ్యవసాయ వ్యర్థం’. కానీ రైసుమిల్లు బాయిలరుకు, ఇటుక బట్టీకి అది అప్పటికే ఇంధనం. కొత్త కేంద్రాలు కొనుగోలు మొదలుపెట్టగానే ఊకకు ధర వచ్చింది, పెరిగింది. చౌక ఇంధనం మీద కట్టుకున్న లెక్కలు తారుమారై పలు కేంద్రాలు నడవలేకపోయాయి. బంజరు నేల, వ్యర్థ జీవద్రవ్యం – రెండు చోట్లా ‘ఎవరికీ అక్కరలేనిది’ అన్న మాట అప్పటికే వాడుకుంటున్నవారిని కనుమరుగు చేసింది. ఆదిలాబాద్ జిల్లా ఆదివాసీ గూడేల్లో కానుగ నూనెతో జనరేటర్లు నడిపిన ప్రయోగం ఇందుకు భిన్నమైనది. ఉన్న చెట్టు, గింజలు ఏరే చేతులు, చిన్న యంత్రం – ఆ మూడూ ఊరివే కావడం దాని విశేషం.

గుజరాత్ ఖేడా జిల్లా ధుండి గ్రామంలో 2016లో మొదలైన సౌరపంపుల సహకార సంఘం మరొక మేలిమి ఉదాహరణ. అక్కడ రైతులు సౌరవిద్యుత్తుతో నీరు తోడుకొని, మిగిలినదాన్ని గ్రిడ్‌కు అమ్ముకునే ఏర్పాటు జరిగింది. రాయలసీమకు ఇది ముఖ్యమైన పాఠం. భూగర్భజలం లోతుకు పోయిన ప్రాంతంలో ఖర్చులేని సౌరపంపు ఇస్తే నీరు మరింత వేగంగా అడుగంటవచ్చు. తోడని నీటికి విలువ కట్టే మార్గం, అంటే వాడని యూనిట్‌ను అమ్ముకునే మార్గం ఉన్నప్పుడే రైతు మోటారు ఆపుతాడు. కాబట్టి రాయలసీమ సౌర అంచనాలో ఎండతోపాటు బోరు లోతు కూడా ఒక గడిగా ఉండాలి.

8. ఇంటిపైకప్పు – పరిమితులు:

2024లో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, అంతకుమించి 78 వేల రూపాయల రాయితీ ఇందులో ఉంది. ఒక కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని కప్పు కావాలి. నేల తగాదా లేని ఈ మార్గం సహజంగానే ఆకర్షణీయం. అయితే రేకుల ఇల్లు, బోదకొట్టం, అద్దె వాటా, ఉమ్మడి గోడల మిద్దె ఈ పథకానికి సులభంగా ఒదగవు. నెలకు కొద్ది యూనిట్లే వాడే కుటుంబానికి బిల్లులో మిగిలేది తక్కువ కనుక పెట్టుబడి తిరిగి రావడం ఆలస్యమవుతుంది. నేలలేనివారిని బంజరు లెక్క మరచినట్లే, సొంత స్లాబు లేనివారిని పైకప్పు లెక్క మరచే ప్రమాదం ఉంది. పాఠశాల, పంచాయతీ కార్యాలయం, ప్రాథమిక ఆరోగ్యకేంద్రం కప్పుల మీద ఉత్పత్తి చేసి, ఆ యూనిట్లను పేద ఇళ్ల ఖాతాలో జమచేసే పద్ధతిని అంచనాలో చేర్చడం ఇందుకు ఒక పరిష్కారం.

9. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

• సామర్థ్యం ప్రకృతిదత్తమైన స్థిరసంఖ్య కాదు. అడిగిన ప్రశ్నను బట్టి మారుతుంది. ఏ సంఖ్యను ఉటంకించినా దాని వెనుక ఉన్న ఊహను కూడా ఉటంకించాలి.

• ‘బంజరు’, ‘పోరంబోకు’ రెవెన్యూ పరిభాష నుంచి వచ్చిన మాటలు. నేల నిరుపయోగాన్ని అవి నిరూపించవు. బీడు, గైరాన్, బంచరాయి, శిఖం వంటి స్థానిక పదాల్లోని భేదాలను అంచనాలో వేర్వేరు వర్గాలుగా నిలపాలి.

• బంజరు నుంచి మొదలయ్యే అంచనా పార్కులను కొలుస్తుంది. వికేంద్రీకృత ఉత్పత్తిని కొలవాలంటే ఫీడరు, సబ్‌స్టేషన్, పంపుసెట్టు, బోరు లోతు, ఇంటికప్పు రకం నుంచి మొదలుపెట్టాలి.

• భారీ పార్కులు ధరను దించడంలో చేసిన మేలు కాదనలేనిది. నమోదు కాని వినియోగదారుల నష్టాన్ని లెక్కలోకి తెచ్చిన తరువాతే రెండు నమూనాలను పోల్చడం న్యాయం.

• అంచనా తుదిరూపం పొందకముందు గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. పటంలో ఏ సర్వే నంబరుకు ఏ రంగు వేశారో ఆ నేలను మేపుకునేవారికీ దున్నుకునేవారికీ తెలియాలి.

చివరి అంశం లాంఛనంగా చేసిన సూచన కాదు. గ్రామసభలో ‘బంజరు’ అని చదివినప్పుడు, “అది బంజరు కాదు, మా మంద మేసే తిప్ప” అని ఒక కాపరి అంటే, అంచనాలో ఒక దోషం అక్కడికక్కడే దిద్దబడుతుంది. ఉపగ్రహం చూడలేనిదాన్ని ఆ వాక్యం చూపుతుంది. ఆ వాక్యానికి పత్రంలో ఒక గడి కల్పించడమే ప్రాంతీయ అంచనాను నిజంగా ప్రాంతీయం చేస్తుంది.